వానలో బైనాక్యులర్: పంక్చర్ షాపు ట్యూబుతో 60 రూపాయల రెయిన్ కవర్

పోయిన ఏడాది జూలై చివర్లో ఒక ఆదివారం పొద్దున. మా నాన్న మేడ మీద నిలబడి బైనాక్యులర్‌లో చూస్తున్నారు. చూసి, అద్దాలు తుడిచి, మళ్లీ చూసి, చివరికి నా చేతికిచ్చారు. "కుడి దిక్కు బూజు లెక్క కనవడ్తుందిరా. నా కన్నే ఖరాబైందా, ఇండ్ల ఏమన్నా అయిందా, నువ్వు చూడు" అన్నారు.

ఆయనకి ఆ మార్చిలోనే కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నాకు చెప్పడానికి ముందు మూడు రోజులు ఆ భయాన్ని మనసులోనే పెట్టుకున్నారని తర్వాత అమ్మ చెప్పింది.

బైనాక్యులర్‌ని ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని వెనక నుంచి చూశా. కన్ను బాగానే ఉంది. కుడి గొట్టంలో, లోపలి అద్దం అంచు దగ్గర, సాలెగూడు లాంటి సన్నటి పోగులు అల్లుకుని ఉన్నాయి. లెన్స్ ఫంగస్. ఆ తప్పు ఎవరిదో కూడా అప్పుడే అర్థమైంది. నాదే.

మాది అత్వెల్లి. నేషనల్ హైవే 44 మీద మేడ్చల్ దాటగానే వస్తుంది. ఒక పక్క లారీల మోత, ఇంకో పక్క ఇంకా మిగిలిన పొలాలు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆపరేషన్ తర్వాత కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట రంగు కనిపించిందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అది చూసి 10×42 బైనాక్యులర్ ఒకటి కొనిచ్చా. దాదాపు తొమ్మిది వేలు పడింది. జూలై మొదట్లో శామీర్‌పేట చెరువుకి ఇద్దరం బైక్ మీద వెళ్లాం. వాన మొదలైంది. నేను తెలివిగా బైనాక్యులర్‌ని పాలిథిన్ కవర్లో పెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి, బ్యాగులో పడేశా. ఇంటికొచ్చాక బ్యాగు అలాగే బీరువాలోకి వెళ్లిపోయింది. సోమవారం నుంచి ఆఫీసులో రిలీజ్. రెండు వారాలకు పైగా బ్యాగు జిప్ తియ్యలేదు.

నాన్న సంగతంతా విని ఒక్క మాటే అన్నారు. "వానకు కాదురా, చెమటకు పాడైంది. తడి బట్ట సంచిల మూట గట్టి పెడ్తే ఏమైతది? గదే అయింది."

ఈ ఆర్టికల్ మొత్తానికి పాయింట్ ఆ మాటే. బైనాక్యులర్, స్పాటింగ్ స్కోప్, కెమెరా లెన్స్, రైఫిల్ స్కోప్, ఏ ఆప్టిక్ అయినా సరే: వానని ఆపే కవర్ చెయ్యడం చాలా ఈజీ. ఆ కవర్ లోపల తడిని బంధించకుండా చెయ్యడమే అసలు పని. ఆ పని చేసే ఒక కవర్‌ని పాత బైక్ ట్యూబుతో ఎలా తయారు చేశామో, ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ ఫెయిల్ అయిందో చూద్దాం.

"వాటర్‌ప్రూఫ్" అని డబ్బా మీద ఉంది కదా?

ఫోన్ల పుణ్యమా అని మనందరికీ ఐపీ రేటింగ్ తెలుసు. ఐపీ68లో మొదటి అంకె దుమ్ముకి, రెండో అంకె నీటికి. ఆప్టిక్స్ మీద ఎక్కువగా కనిపించేది ఐపీఎక్స్7. ఇక్కడ "ఎక్స్" అంటే దుమ్ము టెస్ట్ సంగతి చెప్పలేదు అని అర్థం. "7" అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీళ్లు పోవు. "4" అంటే అన్ని వైపుల నుంచి పడే చిందులని తట్టుకుంటుంది, అంతే. మునిగితే గ్యారంటీ లేదు.

ఇక అంకె ఏమీ లేకుండా ఉత్త "వాటర్ రెసిస్టెంట్" అని రాసి ఉందనుకోండి, అది మార్కెటింగ్ మాట. మేం కొన్నది ఆ రకమే. కొనేటప్పుడు నేను ఆ లైన్ చదివి "బాగానే ఉంది" అనుకున్నా. ఫోన్ కొనేటప్పుడు మాత్రం ఐపీ రేటింగ్ లేదని రెండు మోడల్స్ రిజెక్ట్ చేసిన మనిషిని నేను.

మంచి ఆప్టిక్స్‌లో రెండు పనులు చేస్తారు. ఒకటి, ప్రతి అతుకు దగ్గరా ఓ-రింగ్ అనే రబ్బరు వలయం పెట్టి సీల్ చేస్తారు. రెండు, లోపలి మామూలు గాలి తీసేసి పొడి నైట్రోజన్ నింపుతారు. లోపల తేమే లేకపోతే మంచు పట్టదు, ఫంగస్ బతకదు.

సీల్ సరిగా లేని బైనాక్యులర్‌కి ఇంకో సమస్య ఉంది. అది ఊపిరి పీలుస్తుంది. ఎండలో ఉన్నప్పుడు గొట్టం లోపలి గాలి 45 డిగ్రీలకి వేడెక్కింది అనుకుందాం. ఒక్కసారిగా వాన పడి 25 డిగ్రీలకి చల్లబడింది. స్కూల్లో చదివిన గ్యాస్ లా గుర్తు చేసుకోండి: 318 కెల్విన్ నుంచి 298 కెల్విన్‌కి దిగితే లోపలి గాలి సుమారు 6 శాతం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నిండాలంటే బయటి గాలి లోపలికి వెళ్లాలి. ఆ టైంలో బయట ఉన్నది వాన గాలి. అంటే అద్దం మీద ఒక్క చుక్క పడకపోయినా తేమ లోపలికి పోతుంది.

సరే, మీది ఐపీఎక్స్7 అనే అనుకుందాం. అయినా కవర్ అవసరమే. లోపలికి నీళ్లు రాకపోవచ్చు గానీ, ముందు అద్దం మీద నాలుగు చుక్కలు పడితే పక్షి కాదు కదా, చెట్టు కూడా సరిగ్గా కనపడదు. తడి చేత్తో, చొక్కా అంచుతో తుడిస్తే కోటింగ్ మీద గీతలు. ఎక్కువమంది లెన్సులు పాడయ్యేది ఇలా తుడిచే.

ఐడియా ఎక్కడిది? రైఫిల్ స్కోప్ వాళ్లది

వెతుకుతూ పోతే ఈ సమస్యతో మనకన్నా ఎక్కువ తిప్పలు పడినవాళ్లు దొరికారు. చలి దేశాల్లో వేటకి వెళ్లేవాళ్లు. బైనాక్యులర్ అయితే చొక్కా లోపల దాచుకోవచ్చు. రైఫిల్ మీద బిగించిన స్కోప్‌ని దాచలేం. మంచు, వాన, బురద అన్నిటికీ అది ఎదురుగా ఉంటుంది.

ఈ నైట్రోజన్ కథ కూడా అక్కడే ముదిరింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ల్యూపోల్డ్ అనే కంపెనీ ఉంది. 1907లో మొదలైంది, మొదట్లో సర్వే పరికరాలు రిపేరు చేసేది. ఆ కుటుంబంలోని మార్కస్ ల్యూపోల్డ్ వేటకి వెళ్లినప్పుడు స్కోప్ లోపల మంచు పట్టి జింక తప్పిపోయిందట. ఆ కోపంతో తనే ఒకటి తయారు చేస్తానని మొదలుపెట్టాడని కంపెనీ చెప్పుకుంటుంది. 1947లో వాళ్ల ప్లెయిన్స్‌మన్ స్కోప్ వచ్చింది. లోపల నైట్రోజన్ నింపి మంచు పట్టకుండా చేసిన తొలి తరం స్కోపుల్లో అది పేరున్నది.

కంపెనీలు లోపలి సంగతి చూసుకుంటే, బయటి సంగతి వాడేవాళ్లు చూసుకున్నారు. ఈ రోజు మార్కెట్లో మూడు రకాల స్కోప్ కవర్లు ఉన్నాయి. స్ప్రింగుతో టక్కున తెరుచుకునే మూతలు ఒకటి. ముందు, వెనక అద్దాలకు రెండు మూతలు పెట్టి మధ్యలో ఎలాస్టిక్ తాడుతో కలిపేది రెండోది. ఈతకొట్టేవాళ్ల డ్రెస్సుల్లో వాడే నియోప్రిన్ బట్టతో స్కోప్ మొత్తానికి తొడిగే తొడుగు మూడోది. ఇవేవీ కొననివాళ్లు చేసే పని ఇంకోటి ఉంది: పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి స్కోప్ రెండు చివర్లకీ తొడిగేయడం. అవసరమైనప్పుడు లాగి పడేస్తే చాలు.

నాకు నచ్చింది ఆ ట్యూబే. బ్యుటైల్ రబ్బరు గాలినే బయటికి పోనివ్వదు, నీళ్ల సంగతి చెప్పాలా?

మన దగ్గర ఈ రైఫిల్ స్కోపుల ముచ్చట తక్కువే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. ఇక షూటింగ్ ఆట సంగతి చూస్తే, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అది ఇండోర్. పైగా ఆ పోటీల్లో దూరాన్ని దగ్గరగా చూపించే స్కోప్ వాడనివ్వరు, చిన్న రంధ్రం ఉన్న సైట్ లోంచే గురి చూడాలి. కానీ ఆప్టిక్స్ తయారీలో తెలుగు నేలకి పాత చరిత్రే ఉంది. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు ఆ యూనిట్ తయారు చేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో కూర్చుని తేమ అంటే పడని వస్తువులు తయారు చేస్తున్నారన్నమాట.

ట్యూబు ఐడియా నాన్నకి చెప్తే నవ్వారు. "ముప్పై ఏండ్లు ట్యూబులు కోసిన. అమెరికావోళ్లు జెప్తే గాని నీకు ఎరుకగాలే?" అన్నారు. డిజైన్ నాది, కోత ఆయనది.

కావాల్సినవి, మాకైన ఖర్చు

పాత బైక్ ట్యూబు ఒకటి: పంక్చర్ షాపులో 20 రూపాయలు. చాలా చోట్ల ఊరికే ఇస్తారు.
పాత లారీ ట్యూబు ముక్క, అరచేతి కన్నా కాస్త పెద్దది: ట్యూబుతో పాటు ఊరికే వచ్చింది.
కూల్ డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్: ఇంట్లోదే.
రబ్బరు సొల్యూషన్ చిన్న ట్యూబు: 40 రూపాయలు.
కత్తెర, స్కేలు, టైలరు టేపు, ఆఫీసు పేపర్లకి రంధ్రాలు చేసే పంచ్.

మొత్తం 60 రూపాయలు.

పార్ట్ 1: ముందు అద్దాలకి చూరు

మేం చేసింది మూత కాదు, చూరు. ఇంటి ముందు చూరు ఉంటే గోడ తడవదు గానీ గాలి ఆడుతుంది కదా, అదే లెక్క.

1. బైనాక్యులర్ ముందు గొట్టం చుట్టుకొలత టైలరు టేపుతో కొలవండి. మాది 54 మిల్లీమీటర్ల వ్యాసం, అంటే చుట్టుకొలత దాదాపు 170 మిల్లీమీటర్లు.

2. ట్యూబుని చదునుగా పరిచి వెడల్పు కొలవండి. దాన్ని రెండింతలు చేస్తే ట్యూబు చుట్టుకొలత వస్తుంది. ఇది మీ గొట్టం కన్నా 10 శాతం తక్కువ ఉండాలి. మాకు 153 మిల్లీమీటర్లు కావాలి, అంటే చదును వెడల్పు 76 దగ్గర్లో. సైకిల్ ట్యూబు మరీ సన్నం, సాగదీస్తే గొట్టాన్ని పిసికేస్తుంది. బైక్ ట్యూబుల్లో మూడు నాలుగు కొలిచి చూస్తే ఒకటి కుదిరింది. షాపుకి టేపు పట్టుకెళ్లండి.

3. 80 మిల్లీమీటర్ల పొడవున్న రెండు ముక్కలు కోయండి. 40 గొట్టం మీద ఉంటుంది, 40 ముందుకి పొడుచుకొస్తుంది.

4. ఇది చాలా ముఖ్యం: ట్యూబు లోపల తెల్లటి పౌడరు ఉంటుంది. రబ్బరు అతుక్కోకుండా కంపెనీ వాళ్లు చల్లేది. అది లెన్స్ మీద రాలి, మీరు తుడిచారంటే గీతలు పడొచ్చు. ముక్కని తిరగేసి గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

5. ముందు అంచు మెత్తబడి లోపలికి ముడుచుకుంటుంది. బాటిల్ నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ కోసి, వలయంలా చుట్టి, ముందు అంచు లోపల సొల్యూషన్‌తో అతికించండి. ఒక రోజు ఆరబెట్టండి. సొల్యూషన్ వాసన ఉన్నంతసేపు బైనాక్యులర్‌కి తొడగొద్దు.

6. చూరు కింది వైపు పంచ్‌తో రెండు రంధ్రాలు కొట్టండి. లోపలికి ఎగిరిన నీళ్లు కారిపోవడానికి, గాలి ఆడటానికి.

చూరు వల్ల చుట్టూ నల్లగా కనపడదా అన్న డౌట్ మీకు వస్తుంది, నాకూ వచ్చింది. లెక్కేద్దాం. మా బైనాక్యులర్ చూపించే కోణం 6.5 డిగ్రీలు. మధ్య నుంచి ఒక పక్కకి 3.25. దాని టాంజెంట్ 0.057. చూరు 40 మిల్లీమీటర్లు ముందుకుంటే, దృశ్యం పక్కకి విచ్చుకునేది 40 × 0.057, అంటే 2.3 మిల్లీమీటర్లు. లెన్స్ వ్యాసార్థం 21, చూరు వ్యాసార్థం తక్కువలో తక్కువ 24. మూడు మిల్లీమీటర్ల చోటు ఉంది. ఏమీ కట్ అవ్వదు. మీది 8×42 అయితే కోణం పెద్దగా ఉంటుంది కాబట్టి చూరు 30 దగ్గర ఆపండి.

పార్ట్ 2: కంటి వైపు గొడుగు

బైనాక్యులర్ మెళ్లో వేలాడేటప్పుడు కంటి అద్దాలు ఆకాశం వైపు ఉంటాయి. చిన్న గిన్నెల్లాగా నీళ్లు పట్టుకుంటాయి. నిజానికి ముందు అద్దాల కన్నా ఇవే ఎక్కువ తడుస్తాయి.

లారీ ట్యూబు నుంచి 16 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయండి. మూలలు గుండ్రంగా చెయ్యండి. పొడవు రెండు చివర్లా మెడ పట్టీ దూరేంత చీలిక పెట్టి, పట్టీని వాటిలోంచి పోనివ్వండి. అంతే. బైనాక్యులర్ కిందికి వదిలితే రబ్బరు ముక్క జారి కంటి అద్దాల మీద గొడుగులా కూర్చుంటుంది. పైకెత్తేటప్పుడు బొటనవేలితో కొంచెం పైకి తోస్తే పట్టీ మీదే జరుగుతుంది. లారీ ట్యూబే ఎందుకంటే అది మందం, బరువు. గాలికి ఎగరదు.

ఇక్కడ కూడా మేం మూత బిగించలేదు. పక్కల నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది. కంటి వేడి, ఊపిరి తేమ ఆ అద్దాల దగ్గరే ఎక్కువ చేరతాయి.

టెస్ట్: ఒక కంటికి చూరు, ఒక కంటికి లేదు

బైనాక్యులర్‌లో ఉన్న సుఖం ఏంటంటే, ఒకే వస్తువులో రెండు గొట్టాలు. ఏ-బీ టెస్టింగ్‌కి దీన్ని మించిన సెటప్ లేదు. ఎడమ గొట్టానికి చూరు తొడిగి, కుడిది ఖాళీగా వదిలేశా.

మొదటి టెస్ట్ మేడ మీద. మొక్కలకి నీళ్లు పోసే జల్లెడ డబ్బాతో నాన్న పది నిమిషాలు పోశారు, నేను నిలబడి ఎదురుగా చూస్తున్నట్టు పట్టుకున్నా. కుడి అద్దం నిండా చుక్కలు. ఎడమ అద్దం అంచులో రెండే చుక్కలు, చూపుకి అడ్డం రాలేదు.

రెండో టెస్ట్ నిజం వానలో. మళ్లీ శామీర్‌పేట చెరువు. సన్నటి ముసురు, గాలి లేదు. దాదాపు గంటసేపు నామాలకోళ్లని, నీటికాకుల్ని చూశాం. చూరున్న కన్ను చివరిదాకా క్లియర్. రెండో కన్ను ఐదు నిమిషాలకోసారి తుడవాల్సి వచ్చింది. కంటి వైపు గొడుగు మాత్రం రెండింటికీ సూపర్‌గా పనిచేసింది.

మూడో టెస్టులో ఫెయిల్. తిరిగొచ్చేటప్పుడు బైక్ మీద మెళ్లోనే వేసుకున్నా. ఎదురుగాలికి వాన అడ్డంగా కొట్టింది. చూరు కింద నుంచి నీళ్లు ఎగిరి రెండు అద్దాలూ తడిశాయి. కాబట్టి ఇది నిలబడి, నడుస్తూ వాడటానికే. బండి మీద వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టాల్సిందే. గాలివాన అయితే ఇంట్లో కూర్చోండి, పక్షులు కూడా ఎక్కడో దాక్కునే ఉంటాయి.

అసలు పని ఇంటికొచ్చాక మొదలవుతుంది

నేను మొదట చేసిన తప్పు ఇక్కడే. కవర్ వేశాను కదా అని నిశ్చింతగా వదిలేశా.

ఫంగస్‌కి కావాల్సినవి మూడు: తేమ, చీకటి, గాలి ఆడకపోవడం. తిండి పెద్ద సమస్య కాదు, లెన్స్ మీది దుమ్ము, వేలిముద్రల జిడ్డు చాలు. అది వదిలే యాసిడ్ కోటింగ్‌ని తినేస్తుంది. తొలిదశలో క్లీన్ చేయిస్తే పోతుంది, ముదిరితే పోగులు పోయినా మచ్చ మిగులుతుంది. ఎండలో పెడితే చస్తుందని కొందరు చెప్తారు. అల్లుకున్న పోగు అక్కడే ఉంటుంది, పైగా లెన్స్ లోంచి ఎండ ఒకచోట పడి మంట అంటుకునే ప్రమాదం.

తేమ ఎప్పుడు నీరవుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఫార్ములా గుర్తుపెట్టుకోండి. 100 లోంచి గాలిలోని తేమ శాతం తీసేసి, 5తో భాగించి, వచ్చినదాన్ని ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. వానాకాలం సాయంత్రం 28 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకోండి. 15ని 5తో భాగిస్తే 3. 28లోంచి 3 తీస్తే 25. అంటే 25 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా ఈ గాలి నీరై కూర్చుంటుంది. 22 డిగ్రీల ఏసీ కారులోంచి బైనాక్యులర్ తీసుకుని చెరువు గట్టున దిగితే అద్దాలు తెల్లబడేది ఇందుకే. ఏసీ ఆఫీసు నుంచి బయటికొచ్చి ఫోన్ కెమెరా తియ్యగానే ఫొటో మసకగా రావడం కూడా ఇదే. తుడవొద్దు, బ్యాగులోనే పది పదిహేను నిమిషాలు ఉంచి బయటి వేడికి అలవాటు కానివ్వండి.

ఇప్పుడు మా ఇంట్లో పాటించే రూటీన్ ఇది:

1. ఇంటికి రాగానే చూర్లు, గొడుగు తీసి విడిగా ఆరేయాలి. తడి కవర్‌ని బైనాక్యులర్ మీద ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు.

2. బాడీ మీది నీళ్లు పాత కాటన్ బట్టతో అద్దాలి. లెన్స్ మీద అయితే ముందు బ్లోయర్, తర్వాత మైక్రోఫైబర్.

3. మూతలు లేకుండా రాత్రంతా ఫ్యాను కింద. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ వద్దు.

4. తెల్లారి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో. డబ్బాలో చిన్న తేమ మీటర్ పెట్టాం, 250 రూపాయలు. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటిందంటే జెల్ మార్చాలి.

పాలిథిన్ కవర్ తప్పయినప్పుడు గాలి చొరబడని డబ్బా ఎలా రైట్ అని మీరు అడగొచ్చు. తేడా లోపల ఉన్నదాంట్లో ఉంది. తడి వస్తువుని మూసేస్తే తడి లోపలే ఉండిపోతుంది. ఆరిన వస్తువుని, తేమని పీల్చే జెల్‌తో కలిపి మూసేస్తే పొడి లోపలే ఉండిపోతుంది.

సిలికా జెల్‌లో రంగు మారే రకం కొనండి. నారింజ రంగుది తేమ పట్టాక ఆకుపచ్చకి తిరుగుతుంది. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగుదాంట్లో కోబాల్ట్ ఉంటుంది, వంట సామాను దగ్గరికి తేవద్దు. ఇక బియ్యం డబ్బా ట్రిక్: ఫోన్‌కే పెద్దగా పనిచెయ్యదు, లెన్స్‌కి అయితే పిండి దుమ్ము బోనస్.

స్కోప్ ఉన్నవాళ్లకి ఒక మాట

లైసెన్స్ ఉన్న రైఫిల్ మీదో, క్లబ్బు ఎయిర్ రైఫిల్ మీదో స్కోప్ వాడేవాళ్లకి కూడా ఇదే చూరు పనికొస్తుంది, గొట్టం కొలత మారుతుంది అంతే. తొడిగేటప్పుడు, తీసేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోండి. రబ్బరు ముక్క సర్దుబాటు చేసే మరలకీ, బోల్టుకీ అడ్డం రాకూడదు. స్కోప్ ఉంది కదా అని దాంతో పక్షుల్ని, మనుషుల్ని చూడొద్దు. స్కోప్ ఎటు చూస్తే గొట్టం కూడా అటే చూస్తుంది. ఎయిర్‌గన్ కదా అని పిట్టల్ని కొడితే అది కూడా వేటే, నేరమే.

ప్లస్‌లు

60 రూపాయల్లో అయిపోతుంది, గంటన్నర పని.
వానలో చూస్తూనే ఉండొచ్చు, తీసి పెట్టే పని లేదు.
ఎండ పక్క నుంచి కొట్టినప్పుడు గ్లేర్ కూడా తగ్గుతుంది. ఇది మేం అనుకోని లాభం.

మైనస్‌లు

చూడటానికి అందంగా ఉండదు. నల్లటి పైపులు తగిలించినట్టు ఉంటుంది.
మొదటి వారం రబ్బరు వాసన, చేతికి కొంచెం నలుపు.
అడ్డంగా కొట్టే వానకి పనికిరాదు.
వేసవిలో తొడిగి వదిలేస్తే రబ్బరు బాడీకి అతుక్కుంటుంది. వాడనప్పుడు తీసేయాలి.

మా వర్డిక్ట్

ఇంకా కొనలేదంటే, ఐపీఎక్స్7, నైట్రోజన్ నింపినది అని స్పష్టంగా రాసి ఉన్న బైనాక్యులర్‌కే రెండు మూడు వేలు ఎక్కువైనా పెట్టండి. ఆ సొమ్ము ఒక్క రిపేరుకి సమానం. మాకు ఫంగస్ క్లీనింగ్‌కి 2,800 అయింది. ఇప్పటికే ఉన్నది బడ్జెట్ రకం అయితే ఈ చూరు చేసుకోండి, డబ్బా, జెల్ కూడా కొనుక్కోండి. రెండింట్లో ఒకటే చేస్తానంటే డబ్బా కొనండి. వానలో ఒక గంట చూడకపోతే పోయేదేం లేదు, తడితో మూటగట్టి పెడితే మాత్రం లెన్స్ పోతుంది.

మా బైనాక్యులర్ కుడి గొట్టం అంచులో చిన్న మచ్చ ఇంకా ఉంది. టెక్నీషియన్ అది కోటింగ్‌కి దిగింది, పోదు అన్నాడు. వేరేది కొందాం అంటే నాన్న ఒప్పుకోలేదు. ఈ జూన్‌లో మొదటి వాన పడిన రోజు చూర్లు తొడిగి మేడ ఎక్కారు. నేను మీటింగ్ మధ్యలో ఉంటే కిందికి కేక వినపడింది. "అరేయ్, తీగ మీద పాలపిట్ట తడుస్తుందిరా. కుడి కన్ను మంచిగనే ఉంది!"

మీటింగ్ మ్యూట్‌లో పెట్టి పైకి పరిగెత్తా.